44కి ఉద్యోగం మానేసి సైకిల్ తొక్కుకుంటా అంటే ఇంట్లో ఒప్పుకోవట్లేదు, లెక్క చూసి చెప్పండి

ఓఆర్ఆర్_సైకిల్ | మియాపూర్ | ఆదివారం రాత్రి 10:12

అందరికీ నమస్తే. చాన్నాళ్లుగా చదువుతున్నా గానీ ఇక్కడ రాయడం ఇదే మొదలు, కాస్త పెద్దగా ఉంటది, ఓపిక పట్టండి.

నాకు 43. సాఫ్ట్‌వేర్, సర్వీస్ కంపెనీ, చేరి ఇరవై ఏళ్లు దాటింది. క్లయింట్ అమెరికా కాబట్టి కాల్స్ రాత్రి పదకొండు, ఒక్కోసారి పన్నెండు దాకా నడుస్తయి, మళ్లీ నాలుగున్నరకి లేచి ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన సోలార్ సైకిల్ ట్రాక్ మీద తొక్కి ఎనిమిదికి ఇల్లు చేరి లాగిన్ అవుతా. ఐదు గంటలు నిద్రపోయిన రోజు పండగ. బీఆర్ఎంలు, అంటే దూరాల సైకిల్ రైడ్లు, తొక్కుతా, 200, 300, 400, 600 కిలోమీటర్లు ఒకే సీజన్‌లో అయిపోయి ఎస్ఆర్ (సూపర్ రాండొనార్) బిరుదు వచ్చింది. తెలియని వాళ్ల కోసం, ఇది రేసు కాదు, ఎవరూ ఫస్ట్ రారు, టైములోపు పూర్తి చెయ్యాలి అంతే. 200కి పదమూడున్నర గంటలు, 600కి 40 గంటలు.

ఇప్పుడు మనసంతా 2027 ఆగస్టు పారిస్-బ్రెస్ట్-పారిస్ మీదుంది. నాలుగేళ్లకోసారి వస్తది, సుమారు 1200 కిలోమీటర్లు, గరిష్ఠంగా 90 గంటలు. ఇది పోతే మళ్లీ 2031, అప్పటికి నాకు 48. అందుకే ఈ ఏడాది బోనస్ పడ్డాక పేపర్లు పెట్టేసి మిగతా జీవితం ట్రైనింగూ, సైకిలూ, కొంచెం ఊరూ అనుకుంటున్నా.

లెక్క: మ్యూచువల్ ఫండ్స్ 1.7 కోట్లు, ఈపీఎఫ్ 85 లక్షలు, పీపీఎఫ్ 35, ఎఫ్‌డీలు 30. మొత్తం 3.2 కోట్లు. ఫ్లాట్ లోన్ తీరిపోయింది. షాద్‌నగర్ దగ్గర 200 గజాలు ఉంది, అది కలపలేదు, బంగారం కలపలేదు. ఖర్చు నెలకి లక్షా పదివేలు. పాప తొమ్మిదో తరగతి. మా ఆవిడ జెడ్పీ హైస్కూల్లో టీచర్, చేతికి ఎనభై వేలు వస్తది. అమ్మానాన్న తణుకులో, నాన్నకి పెన్షన్ ఉంది.

3.2 కోట్లు సరిపోద్దా? ఇంట్లో గొడవగా ఉంది, అందుకే అడుగుతున్నా.

ప్లాట్_బాబు | షాద్‌నగర్ | ఆదివారం రాత్రి 10:31

అన్నా ఫండ్స్‌లో 1.7 కోట్లు పెట్టి గజాలు 200 ఏంది, రివర్స్‌లో ఉన్నది నీ కథ. రీజనల్ రింగ్ రోడ్డు పడ్డాక చూడు.

హనుమకొండ_అన్న | ఆదివారం రాత్రి 10:40

ప్లాట్ బాబూ, ప్రతి థ్రెడ్ల గిదే పాట నీది. నెలనెలా కూరగాయలకు గజం గజం కోసి అమ్ముతడా తమ్ముడు? ఓఆర్ఆర్ తమ్మీ, నేను మానేసి కొన్నేండ్లయింది, రేపు తీరికగ రాస్త. తీరిక అనంగనే నవ్వొస్తుంది, ఎందుకో కూడ రాస్త.

గోదారి_గట్టు | రాజమండ్రి | సోమవారం ఉదయం 6:05

బ్యాంకులో పనిచేసి రిటైరయ్యానండి, ఇలాంటి కాగితాలు చాలా చూశాను. మీరు ఒక పద్దు రాయలేదు. సైకిల్ ఖర్చు ఆ లక్షా పదివేల్లో ఉందా, బయటా?

ఓఆర్ఆర్_సైకిల్ | సోమవారం మధ్యాహ్నం 1:20

బయట సార్. టైర్లు, చైను, సర్వీసు, ఎంట్రీలు, వేరే ఊళ్లలో బీఆర్ఎం అయితే రైలూ హోటలూ, ఫిజియో, షూస్, లైట్లు, అన్నీ కలిపి ఏడాదికి రెండున్నర మూడు లక్షలు అవుతుందేమో, నిజం చెప్పాలంటే ఎప్పుడూ కూడలేదు, కూడితే భయమేస్తది. ఫ్రాన్స్ వెళ్లే ఏడాది టికెట్, వీసా, సైకిల్ బాక్సు అన్నీ కలిపి ఇంకో మూడు లక్షలు పైన.

గోదారి_గట్టు | సోమవారం సాయంత్రం 5:48

అయితే వినండి. ఇంటి ఖర్చు ఏడాదికి 13.2 లక్షలు, సైకిలు తక్కువలో తక్కువ 2.8 వేసుకుందాం, మొత్తం 16 లక్షలు. పాప చదువుకి ఇవాళ్టి ధరల్లో 40 లక్షలు పక్కన పెట్టెయ్యండి, అది మీది కాదు ఇక. మిగిలింది 2.8 కోట్లు. అంటే ఏడాది ఖర్చుకి పదిహేడున్నర రెట్లు.

అందరూ 25 రెట్లు చాలంటారు, అంటే మొదటి ఏడాది డబ్బులో నాలుగు శాతం తీసుకోవచ్చని. ఆ నాలుగు శాతం సూత్రం 1994లో విలియం బెంగెన్ అనే ఆయన అమెరికా మార్కెట్ల చరిత్ర చూసి చెప్పింది, అదీ 30 ఏళ్ల రిటైర్మెంటుకి. మీకు 44 నించి 90 దాకా అంటే 46 ఏళ్లు, మన దగ్గర ధరల పెరుగుదల వేరు. ఆరు శాతం చొప్పున పెరిగితే పన్నెండేళ్లకి ఖర్చు రెట్టింపవుద్దండి, మీ లక్షా పదివేలు మీకు 56 వచ్చేసరికి రెండు లక్షల ఇరవై. నేనైతే 33 రెట్లకి తక్కువ ఒప్పుకోను. అంటే 5.28 కోట్లు. మీ దగ్గర 2.8 ఉంది. ఇదొక లెక్క.

ఇంకో లెక్క ఉంది. మీ ఆవిడ గారి జీతం ఏడాదికి 9.6 లక్షలు. 16లోంచి తీసేస్తే మీ డబ్బులోంచి లాగాల్సింది 6.4 లక్షలే. అప్పుడు 2.8 కోట్లు 43 రెట్లు అవుతుంది, హాయిగా మానెయ్యొచ్చు, ప్రపంచంలో ఏ సూత్రమూ అడ్డు రాదు.

పదిహేడున్నరకీ 43కీ మధ్య ఉన్నది ఆవిడ ఉద్యోగం ఒక్కటేనండి. ఈ ప్లాన్‌లో రిటైరయ్యేది మీరు, రిటైర్ అవ్వకుండా ఉండాల్సింది ఆవిడ. ఇంట్లో గొడవ అన్నారే, అది ఏ లెక్క మీద?

భీమిలి_బీచ్ | విశాఖపట్నం | సోమవారం రాత్రి 9:15

గోదారి గట్టు గారికి దండం. నేను రాద్దామనుకున్నది ఆయన అంకెల్లో రాసేశారు.

నేనూ పరిగెడతాను, ఆర్కే బీచ్ నించి భీమిలి వైపు, ఫుల్ మారథాన్‌లు చేశాను, పిల్లలిద్దరు, ఉద్యోగం ఉంది. మా గ్రూపులో మగవాళ్లు ఆదివారం ముప్ఫై కిలోమీటర్లు అయ్యాక టిఫిన్ సెంటర్ దగ్గర గంటన్నర కూర్చుని పేస్ గురించి మాట్లాడుకుంటారు, ఆడవాళ్లం ఉప్పుచెమట ఆరకుండానే స్కూటీ ఎక్కి ఇంటికొచ్చి కుక్కర్ పెడతాం. అడుగుతాను, మీరు వీకెండ్ 400 కి వెళ్లిన రోజు పాపని ట్యూషన్‌కి దింపేది ఎవరు? 27 గంటల టైములిమిట్టు మీకు, ఇంట్లో ఆవిడకి లిమిట్టు లేదు కదండీ. మీ పోస్టులో ఆవిడ గురించి ఉన్నది ఒక్క వాక్యం, అందులోనూ జీతమే ఉంది.

హెచ్1_పరుగు | డాలస్ | సోమవారం రాత్రి 11:50

పాప్‌కార్న్ తెచ్చుకున్నా 😄

మా పరిస్థితి కూడా వినండి. ఇక్కడ హెచ్1 మీద ఉన్నోడికి ఎర్లీ రిటైర్మెంట్ అంటే 60 రోజుల్లో ఇండియా టికెట్. గ్రీన్ కార్డు ఉన్నోళ్లు కూడా మెడికేర్ (ఇక్కడి సర్కారు ఇన్సూరెన్స్) వచ్చే 65 దాకా ఇన్సూరెన్స్ ఎవడు కట్టాలి అని ఆగుతారు. 401కే రిటైర్మెంట్ ఖాతాలో డబ్బు ఉన్నా 59న్నర కంటే ముందు తీస్తే పది శాతం పెనాల్టీ, దారులు ఉన్నాయిలే గానీ అన్నీ ఐదేళ్ల ముందే ప్లాన్ చెయ్యాలి. మీకు ఇల్లుంది, అప్పు లేదు, భార్యకి సర్కారు ఉద్యోగం. నాకైతే మీరే కోటీశ్వరుడు.

ఓఆర్ఆర్_సైకిల్ | మంగళవారం ఉదయం 8:22

భీమిలి గారు, కొంచెం గట్టిగానే తగిలింది. గొడవ ఏంటో చెప్పేస్తా. మానేస్తా అని చెప్పినప్పుడు ఆవిడ అరవలేదు, "సరే, నువ్వు మానేసిన రోజే నేనూ వీఆర్‌కి రాస్తా" అంది. జోక్ అనుకున్నా. కాదంట. డీఎస్సీ 2008, పోస్టింగ్ 2010లో వచ్చింది, ఇరవై ఏళ్ల సర్వీసు 2030కి గాని పూర్తవదు, అప్పటిదాకా వాలంటరీ రిటైర్మెంట్ కుదరదు అన్నా. ఆ డేట్ ఆవిడకి నాకంటే బాగా తెలుసు, అంటే ఎప్పుడో లెక్క వేసుకుంది. 2004 సెప్టెంబర్ తర్వాత చేరినవాళ్లు కాబట్టి సీపీఎస్ (కాంట్రిబ్యూటరీ పెన్షన్), పాత పెన్షన్ లేదు. రోజూ బస్సులో రానూపోనూ రెండున్నర గంటలు.

సీమ_పరుగు | అనంతపురం | మంగళవారం ఉదయం 9:40

అన్నా నాకు ఒగటి అర్థం కాదు. సైకిల్ తొక్కేకి ఉద్యోగం యాల మానాల? యూకీ కవాయుచి అని జపాన్‌లో ఉండాడు, సైతామాలో సర్కారు బడి ఆఫీసులో గుమాస్తా, ఫుల్‌టైం పని చేసుకుంటానే 2018లో బోస్టన్ మారథాన్ గెలిచినాడు, ఆ వానలో ఆ చలిలో. ప్రొఫెషనల్ అయింది ఆ తర్వాతి ఏడాది. మనమేమో 90 గంటల్లో పూర్తి చేసేకి రిటైర్మెంట్ అడుగుతాండాము. నేను పొద్దున నాలుగుకి లేస్తా, ఎండాకాలంలో మూడున్నరకే, ఆరున్నరకి అయిపోతుంది, తొమ్మిదికి డ్యూటీ. వారానికి ఏడెనిమిది గంటలు చాలు మారథాన్‌కి.

హెచ్1_పరుగు | మంగళవారం ఉదయం 10:05

సీమ బ్రో, కవాయుచికి రాత్రి పన్నెండుకి ఒహాయో నుంచి ఫోన్ రాదు. ఓఆర్ఆర్ గారి సమస్య గంటలు కాదు, నిద్ర. ఐదు గంటల నిద్ర మీద ఎంత తొక్కినా ఒళ్లు రికవర్ అవ్వదు.

సీమ_పరుగు | మంగళవారం ఉదయం 10:11

అట్లైతే ప్రాజెక్టు మారల్ల, మానేది యాల.

హనుమకొండ_అన్న | మంగళవారం మధ్యాహ్నం 3:30

తీరిక అంటే నవ్వొస్తుందన్న కద, వినుండ్రి.

నేను మానేసినప్పుడు 46. ఉద్యోగం ఉన్నప్పుడు పొద్దున ఐదు నుంచి ఏడు నా టైం, ఎవ్వరు ముట్టుకోకపోతుండె, ఆఫీసు ఉన్నది పోవాలె అంటే అందరు ఇనేటోళ్లు. మానేసిన రెండు నెలలకు మొత్తం చుట్టాలందరికి నేనే ఖాళీ మనిషి. మా బాపు ఆసుపత్రి, మామ పట్టాదార్ పాస్‌బుక్కు, చెల్లె బిడ్డ కౌన్సెలింగ్, అపార్ట్‌మెంట్ల బోరు మోటరు కాలిపోతే కూడ నన్నే పిలుస్తరు, "ఖాళీగనే ఉంటవు కద" అని. పొద్దున ఎండ రాకముందు పరిగెత్తాలె అని చెప్తే "పదింటికి పరిగెత్తు, నీకేమాయె" అంటరు. ఏప్రిల్‌ల వరంగల్‌ల పదింటికి పరిగెత్తుమంటరు చూడు.

రెండోది, టైం ఎక్కువైతే ట్రైనింగ్ ఎక్కువైతది. వారానికి యాభై పరిగెత్తేటోన్ని ఒక్కసారి తొంబైకి పోయిన, షిన్ బోన్‌ల స్ట్రెస్ ఫ్రాక్చర్, మూడు నెలలు కుర్సీల కూసున్న. ఉద్యోగం ఒక రకంగ బ్రేకు, ఎక్కువ చేయనియ్యది.

మూడోది పెండ్లిళ్లు. "ఏం చేస్తున్నవ్ ఇప్పుడు?" రిటైర్ అయిన అంటే జాలిగ చూస్తరు, తీసేసిండ్రనుకుంటరు. ఇప్పుడు కన్సల్టింగ్ అని చెప్తున్న, ఎవ్వరు ఇంకో ప్రశ్న అడగరు.

అయితే మానేసినందుకు బాధ లేదు. నిద్ర ఎనిమిది గంటలు, బీపీ గోలి పోయింది, పిల్లలతోని కూసొని తింటున్న. కానీ ట్రైనింగ్ కోసం మానేస్త అంటే మాత్రం తమ్మీ, ట్రైనింగ్‌కు టైం ఉద్యోగంల ఉన్నప్పుడే ఎక్కువ దొరికింది నాకు.

భీమిలి_బీచ్ | మంగళవారం సాయంత్రం 6:02

అన్నా, ఆ ఖాళీ మనిషి పోస్టు మాకు పెళ్లైన రోజే ఇచ్చేస్తారు 🙂 ఉద్యోగం ఉన్నా సరే.

హనుమకొండ_అన్న | మంగళవారం సాయంత్రం 6:20

ఒప్పుకుంటున్న చెల్లె.

ఎముకల_డాక్టర్ | గుంటూరు | మంగళవారం రాత్రి 10:30

డబ్బు సంగతి మీరు చూసుకోండి, ఒంటి సంగతి నేను చెప్తా. నలభై దాటి ఇంత దూరాలు తొక్కేవాళ్లు ఏడాదికోసారి ఈసీజీ, కొలెస్ట్రాల్, షుగర్ మూడు నెలల సగటు చూపించుకోండి, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చి ఉంటే కార్డియాలజిస్టుని కలవకుండా కొత్త దూరాలు పెట్టుకోవద్దు. టీఎంటీ (ట్రెడ్‌మిల్ టెస్టు) నార్మల్ వచ్చింది కదా అని గుండె వజ్రం అనుకోకూడదు, చిన్న బ్లాకులు అందులో కనపడవు. ఎత్తు ఎక్కేటప్పుడు ఛాతీలో బిగుతు, మామూలుగా తొక్కే స్పీడుకే ఆయాసం, గుండె లయ తప్పి కొట్టుకోవడం, ఈ మూడిట్లో ఏది వచ్చినా సైకిల్ ఆపి రండి. ఏళ్ల తరబడి ఎండ్యూరెన్స్ చేసినవాళ్లలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె లయ తప్పే జబ్బు, కాస్త ఎక్కువ కనిపిస్తుంది, భయపడక్కర్లేదు గానీ తెలిసి ఉండాలి.

ఎవరూ చెప్పనిది ఇంకోటి. సైకిల్ మీద ఒంటి బరువు ఎముకల మీద పడదు, అందుకని సైకిల్ ఒక్కటే చేసేవాళ్లకి ఎముకల సాంద్రత తక్కువగా ఉండే అవకాశం ఉంది. గుండె పాతికేళ్ల కుర్రాడిదీ నడుము అరవై ఏళ్ల ముసలాయనదీ ఉన్న రైడర్లు నా దగ్గరికి వస్తారు. వారానికి రెండు రోజులు బరువులు ఎత్తండి, స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, మెట్లు. ఫ్లాట్‌లో ఉంటారు కదా, లిఫ్ట్ మానెయ్యండి.

వయసు అయిపోతోంది అన్నారు. దూరాల విషయంలో అంత తొందరేం లేదండి. పీబీపీలో (పారిస్-బ్రెస్ట్-పారిస్) యాభై దాటినవాళ్లు బోలెడంతమంది ఉంటారు. కెనడాలో ఎడ్ విట్‌లాక్ అని రిటైరైన ఇంజనీరు 73 ఏళ్లకి 2004లో మారథాన్ 2 గంటల 54 నిమిషాల్లో పరిగెత్తాడు, ట్రైనింగ్ అంతా ఇంటి దగ్గర శ్మశానంలో చుట్లు కొట్టడమే. 2031లో 48 అంటే మీరు కుర్రాళ్ల కింద లెక్క.

ప్లాట్_బాబు | మంగళవారం రాత్రి 10:44

శ్మశానం పక్కన ప్లాట్లు ఎవరూ కొనరు కాబట్టి ట్రాఫిక్ ఉండదు, కరెక్ట్ పాయింట్.

ఓఆర్ఆర్_సైకిల్ | బుధవారం రాత్రి 11:40

డాక్టర్ గారు థాంక్స్. నాన్నకి 52లో స్టెంట్ వేశారు, ఇన్నాళ్లూ ఆ సంగతి నాకు సంబంధం లేనట్టు ఉన్నా, శనివారం అపాయింట్‌మెంట్ తీసుకున్నా.

సరే గాని వయసు గురించి ఒకటి. 2031 దాకా ఆగొచ్చు అని చెప్పడం తేలిక సార్, కానీ 2019లో మన ఇండియా నుంచి వెళ్లినవాళ్లలో ఎక్కువమంది పూర్తి చెయ్యలేకపోయారు. ఆగస్టు అయినా అక్కడ రాత్రిళ్లు గడ్డకట్టే చలి, పగలంతా ఎదురుగాలి, రోడ్డు ఎప్పుడూ ఎక్కడమో దిగడమో, చదును లేదు, నిద్ర లేక సైకిల్ మీదే తూలిపోవడం. కాళ్లల్లో బలం ఉంటే చాలదు, నిద్ర బాకీ లేకుండా స్టార్ట్ లైన్‌కి చేరాలి. నేనేమో బాకీతోనే బతుకుతున్నా. మానేస్తా అన్నది అందుకే, సోమరితనం కాదు.

గోదారి_గట్టు | గురువారం ఉదయం 5:55

సోమరితనం అని ఎవరూ అన్లేదండి. నేను చెప్పేది, రెండు వేర్వేరు కోరికల్ని ఒక్క సంచిలో వేశారు. ఒకటి 2027 ఆగస్టు. రెండోది జీవితాంతం జీతం లేకుండా బతకడం. మొదటిదానికి ఏడాది చాలు, దానికోసం రెండోది ఇప్పుడే తేల్చెయ్యక్కర్లేదు.

మీ కంపెనీలో జీతం లేని సెలవు ఇస్తారా, పగటి ప్రాజెక్టు ఉందా, అడిగారా? జీతం లేని సెలవు ఆరు నెలలు తీసుకుంటే మీకు పోయేది ఆ ఆరు నెలల జీతం, అంతే. మానేస్తే 45వ ఏట మళ్లీ ఇదే జీతానికి చేరడం ఇప్పుడున్న ఐటీలో కష్టం, మా అబ్బాయి అందులోనే ఉన్నాడు, చూస్తున్నా.

మానేసేదే అయితే ఈ సంగతులు చూసుకోండి. ఈపీఎఫ్ వెంటనే తియ్యక్కర్లేదు, 58 దాకా వడ్డీ పడుతుంది, కానీ ఉద్యోగం మానేశాక పడే వడ్డీకి పన్ను వర్తిస్తుంది. 85 లక్షలకి 8.25 చొప్పున ఏడు లక్షలు, కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా రిబేటు ఉంది కాబట్టి ఇప్పటికి జేబులోంచి పోకపోవచ్చు, రిటర్నులో చూపించడం మాత్రం మానకండి. ఫండ్స్ అమ్మితే వచ్చే లాభానికి ఆ రిబేటు రాదు, ఏడాదికి 1.25 లక్షలు దాటిన లాభం మీద 12.5 శాతం. ఈపీఎఫ్‌తో పాటు వచ్చే ఈపీఎస్ పెన్షన్ గురించి కలలు వద్దు, జీతం ఎంతున్నా 15 వేలు మించి లెక్కలోకి రాదు, ఇరవై ఏళ్ల సర్వీసుకి నెలకి మూడు నాలుగు వేలు, అదీ 58కి.

ఇంకోటి, మార్కెట్ ఎప్పుడు పడుతుందన్నది మీ చేతిలో లేదు. 2008 జనవరిలో సెన్సెక్స్ 21 వేలు, అక్టోబర్‌కి 8 వేల కింద. ఆ జనవరిలో మానేసినవాడు, రెండేళ్ల తర్వాత మానేసినవాడు ఒకే డబ్బుతో మొదలెట్టినా ఒకే చోట తేలరు. మొదటి నాలుగైదేళ్ల ఖర్చు ఎఫ్‌డీల్లోనో డెట్‌లోనో ఉంచుకుంటే ఆ దెబ్బ తట్టుకోవచ్చు. మీ దగ్గర ఎఫ్‌డీలు 30 లక్షలు, ఆవిడ జీతం లేకుండా అయితే రెండేళ్లకి కూడా రావు.

హెచ్1_పరుగు | గురువారం ఉదయం 7:30

హెల్త్ పాలసీ మర్చిపోయారు అందరూ. కంపెనీ గ్రూప్ కవర్ మానేసిన రోజే పోద్ది.

గోదారి_గట్టు | గురువారం ఉదయం 8:10

మంచి మాట. సొంత పాలసీ ఉద్యోగంలో ఉండగానే తీసుకోవాలండి. ముందునుంచీ ఉన్న జబ్బులకి మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు, ఆ మూడేళ్లూ గ్రూప్ కవర్ నీడలో గడిచిపోతే బాధ లేదు. బీపీ, షుగర్ ఏదున్నా దాచకుండా రాయండి. టర్మ్ ఇన్సూరెన్స్ కూడా ఇప్పుడే, జీతం స్లిప్పు లేకపోతే పెద్ద మొత్తానికి ఇవ్వరు. ఆవిడకి ఎంప్లాయీస్ హెల్త్ స్కీమ్ ఉన్నా సరే విడిగా ఒకటి ఉండాలి.

సీమ_పరుగు | గురువారం ఉదయం 8:45

సార్ ఒక డౌటు, మారథాన్‌లోనో బీఆర్ఎంలోనో కింద పడితే హెల్త్ పాలసీ ఇస్తాదా? మావాడు ఒగడు సాహస క్రీడలకి రాదంటాండాడు.

గోదారి_గట్టు | గురువారం ఉదయం 9:02

ఆ మినహాయింపు అన్ని పాలసీల్లో దాదాపు ఒకే మాటల్లో ఉంటుంది, ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన ప్రామాణిక వాక్యం. ప్రమాదకర, సాహస క్రీడల్లో ప్రొఫెషనల్‌గా పాల్గొంటే అని ఉంటుంది, ఉదాహరణలు పర్వతారోహణ, స్కూబా, మోటార్ రేసింగ్ లాంటివి. సరదాకి పరిగెత్తేవాడూ సైకిల్ తొక్కేవాడూ అందులోకి రారు. విదేశాలకి తీసుకునే ట్రావెల్ పాలసీ సంగతి వేరు, కొన్నిట్లో పోటీలు, ఈవెంట్లలో తగిలిన దెబ్బలకి ఇవ్వమని రాసి ఉంటుంది. ఫ్రాన్స్ వెళ్లేటప్పుడు ఆ కాగితం చదివి సంతకం పెట్టండి.

భీమిలి_బీచ్ | గురువారం రాత్రి 9:30

ఓఆర్ఆర్ గారూ, ఆవిడని అడిగారా అసలు ఆవిడకేం కావాలో? వీఆర్ అంటే ఉద్యోగం వద్దనా, ఆ బస్సు వద్దనా?

ఓఆర్ఆర్_సైకిల్ | ఆదివారం రాత్రి 9:05

లేట్ అయింది, సారీ. శనివారం టెస్టులు అయ్యాయి, ఈసీజీ, ఎకో బాగున్నాయి, ఎల్‌డీఎల్ (చెడ్డ కొలెస్ట్రాల్) ఎక్కువ ఉంది, గోలీ మొదలెట్టారు. తొక్కొచ్చు అన్నారు, వేగం పెంచే ఇంటర్వల్స్ మాత్రం నెల ఆగమన్నారు.

భీమిలి గారు అడిగిన ప్రశ్న అడిగా. బస్సే. పిల్లలకి చెప్పడం ఇష్టమే అంటది, పదో తరగతి వాళ్లని వదిలి రావాలని లేదు. రోజుకి రెండున్నర గంటలు బస్సులో పోతే మిగిలిన ఓపిక ఇంట్లో వంటకి పోతది, నేనేమో అదే టైములో హెల్మెట్ పెట్టుకుని బయటికి పోతా. తనకీ పొద్దున ఓ గంట కావాలంట, యోగా క్లాసు ఉంది మా కాలనీలో ఐదున్నరకి, ఎన్నాళ్లుగానో అనుకుంటోందంట, నాకు తెలీదు. కాబట్టి సోమ, బుధ, శుక్ర పొద్దున ఆమెది, టిఫినూ పాప బాక్సూ నేను. మంగళ, గురు, శని నావి. ఆమె మూడు రోజులూ ఇండోర్ ట్రైనర్ స్టాండు మీద ఇంట్లోనే తొక్కుకుంటా ఉప్మా కలపొచ్చా అని అడిగితే వద్దంది.

స్కూల్ దగ్గరలో అద్దెకి పోదామా అని కూడా చూస్తున్నాం, మియాపూర్ ఫ్లాట్ అద్దెకిస్తే అక్కడ ఇంటికి సరిపోయి ఇంకా మిగులుద్ది, సంగారెడ్డి వైపు నాకు రోడ్లు కూడా ఖాళీ. పాప స్కూల్ మారాలి, టెన్త్ ముందు మార్చడం ఇష్టం లేదు, అది ఇంకా తేలలేదు.

ఉద్యోగం: మేనేజర్‌ని అడిగా. పగటి ప్రాజెక్టు ఒకటి ఉంది, యూరప్ క్లయింట్, రాత్రి ఎనిమిదికి అయిపోద్ది, పోస్టు ఒక మెట్టు తక్కువ, ఈసారి హైక్ ఉండదు అన్నాడు. తీసుకుంటున్నా. 2027లో జూన్ నుంచి ఆగస్టు దాకా జీతం లేని సెలవు రాతపూర్వకంగా అడిగా, ఇంకా జవాబు రాలేదు. రాకపోతే అప్పుడు పేపర్లు పెడతా, ఇంట్లో కూడా అదే మాట.

5.28 కోట్లు అన్నారు కదా గోదారి గట్టు గారు, దానికి ఇంకో ఏడెనిమిదేళ్లు పడుతుందేమో. 2030లో ఆవిడకి ఇరవై ఏళ్లు పూర్తయ్యాక ఇద్దరం కలిసి మళ్లీ లెక్క వేద్దాం అనుకున్నాం.

ప్లాట్_బాబు | ఆదివారం రాత్రి 9:12

సంగారెడ్డి వైపు అద్దెకెందుకన్నా...

హనుమకొండ_అన్న | ఆదివారం రాత్రి 9:14

బాబూ ఆగు.

సీమ_పరుగు | ఆదివారం రాత్రి 9:40

హైక్ పోతే పోనీలే అన్నా, నిద్ర వస్తుంది. ముందు ఏడాది ఎంత పెద్ద బ్రెవే (బీఆర్ఎం లాంటి రైడ్) చేసింటే పీబీపీ రిజిస్ట్రేషన్‌లో అంత ముందు వరస అని విన్నా, నిజమేనా?

ఓఆర్ఆర్_సైకిల్ | ఆదివారం రాత్రి 9:52

నిజమే. 2026లో చేసిన పెద్ద దూరాన్ని బట్టి ముందు వరస వస్తది, ఆపైన 2027 సీజన్‌లో 200, 300, 400, 600 నాలుగూ మళ్లీ చెయ్యాల్సిందే, పాత ఎస్ఆర్ పనికిరాదు. అందుకే ఈ ఏడాది ఎట్లాగైనా ఒక 1000 పెట్టుకుందాం అనుకుంటున్నా, 75 గంటలు. శ్రీశైలం ఘాట్ లేని రూట్ దొరికితే బాగుండు.

హెచ్1_పరుగు | ఆదివారం రాత్రి 10:10

ఫ్రాన్స్‌లో తిండి ఏం ప్లాన్ బ్రో, వెజ్ కదా మీరు? అక్కడ కంట్రోల్స్‌లో (దారిలో ఆగే చెక్ పాయింట్లు) పాస్తా, బ్రెడ్డు, సూపే.

ఓఆర్ఆర్_సైకిల్ | ఆదివారం రాత్రి 10:18

పాస్తా, అన్నం నడుస్తది. మధ్యలో ఖర్జూరం, పల్లీ చిక్కీ, నువ్వులుండలు. డ్రాప్ బ్యాగులో పులిహోర పెడదామని ఉంది గానీ ఎన్ని గంటలు నిలుస్తదో తెలీదు.

భీమిలి_బీచ్ | ఆదివారం రాత్రి 10:25

చింతపండు గుజ్జు నూనె పైకి తేలేదాకా ఉడికించి అదొక్కటే డబ్బాలో పట్టుకెళ్లండి, వారం పైనే ఉంటుంది. అన్నం అక్కడ వేడిగా తీసుకుని కలుపుకోండి. గుజ్జు ఈసారి మీరే చెయ్యండి.

ఓఆర్ఆర్_సైకిల్ | ఆదివారం రాత్రి 10:27

కొలతలు పంపండి.